ప్రేమకథల ఖాతాకు పాఠకులు రాకపోతే: నా అనుభవం

ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచాక బంధుమిత్రులు తప్ప ఎవరూ రావడం లేదంటే ముందు ప్రొఫైల్ చూడండి. నాకు తేడా దొరికింది అక్కడే. పేరు గడిలో కలం పేరు ఒక్కటే ఉంటే, అది తెలియనివాళ్లకు మీరు కనిపించరు. పక్కనే ‘ప్రేమకథలు’ అని చేర్చండి, వెతుకులాటలో ఆ గడి కూడా లెక్కకొస్తుంది. 14 రోజుల్లో రెండుసార్లే మార్చనిస్తుంది కాబట్టి అక్షరదోషాలు చూసుకున్నాకే సేవ్ చేయండి. పేరు కింద మీ గురించి రాసుకునే బయోకి 150 అక్షరాలే. తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కపడి చోటు త్వరగా నిండిపోతుంది.

అసలు పని క్యాప్షన్‌లో ఉంది. 2,200 అక్షరాలు పడతాయి గానీ, నొక్కకుండా కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే. అక్కడ వెన్నెల వర్ణన పెడితే వేలు ఆగదు. గొడవ మధ్యలోంచి ఎత్తుకోండి: “‘పెళ్లికి రానన్నావుగా?’ అంది, తలుపు తీయకుండానే.” ఇక ఎవరు, ఎందుకు అన్నది చదివేవాళ్లే వెతుక్కుంటారు.

కథను బొమ్మలుగా పెడితే 1080×1350 పిక్సెళ్ల సైజు తీసుకుని అంచుల్లో ఖాళీ వదలండి, ప్రొఫైల్‌లో పోస్టులు గళ్లుగా కనిపించే గ్రిడ్‌లో కొంత కోసుకుపోతుంది. ఒక్కో బొమ్మకు 40 మాటలు దాటితే ఫోన్లో కళ్లు లాగుతాయి. ఒక పాత్ర మాటకు ఇంకో పాత్ర జవాబు వచ్చేలోపే బొమ్మ మార్చండి.

కలం పేరు ఇంట్లో తెలియకూడదనుకుంటే వేరే మెయిల్‌తో ఖాతా తెరవండి, ఫోన్‌లోని నంబర్లను ఇన్‌స్టాగ్రామ్‌కి చేరవేసే కాంటాక్టుల సింక్ మొదట్లోనే ఆపేయండి. తర్వాత ఆపితే అప్పటికే కొందరికి మీ ఖాతా సూచనగా వెళ్లి ఉండొచ్చు.

మంచి కథలు మూడింటిని పైన పిన్ చేయండి. కొత్తవాళ్లు ముందు చదివేవి అవే.