చవితి పందిరి ఎక్కే ముందు: వోకల్ ప్రాసెసర్‌తో జాగ్రత్తలు

భాద్రపదం వచ్చిందంటే వీధికో పందిరి, పందిరికో మైక్ సెట్టు. ఈమధ్య భజన బృందాలు, చిన్న ఆర్కెస్ట్రాలు కూడా వోకల్ ప్రాసెసర్, అంటే మైక్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టి గొంతుకి మెరుగులు దిద్దే పెట్టె, కొనుక్కుంటున్నాయి. రివర్బ్ (పెద్ద హాల్లో పాడినట్టు మోత), డిలే (ఎకో), కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గుల్ని సర్దేది), పిచ్ కరెక్షన్ (శ్రుతి తప్పితే సరిచేసేది), హార్మనీ (మన గొంతుకి తోడు గొంతులు కలిపేది) అన్నీ కాళ్ల దగ్గర ఒక్క పెట్టెలో దొరుకుతాయి. సంతోషమే. అయితే చవితి వానల్లో వస్తుంది. తడి నేల, తాత్కాలికంగా లాగిన కరెంటు, దేవుడి ముందు కాబట్టి చెప్పుల్లేని కాళ్లు. అందుకే ఎఫెక్ట్స్ కన్నా ముందు ఎర్త్ సంగతి చెబుతాను.

రెండేళ్ల కిందట ఒక పందిట్లో మా బృందంలోని అమ్మాయి మైక్ నోటి దగ్గర పెట్టుకోగానే పెదవి చురుక్కుమంది. చెమట వల్లేమో అనుకుని మళ్లీ పెట్టుకుంది, మళ్లీ చురుక్కుమంది. వెతికితే మిక్సర్ ప్లగ్గుకి మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, లేదు. హమ్ (స్పీకర్లో గుయ్యిమనే మోత) వస్తోందని ఎవరో తీసేశారట. ప్రాసెసర్ అడాప్టర్‌కి మామూలుగా రెండే పిన్నులుంటాయి. దానికి ఎర్త్ అందేది మిక్సర్ నుంచి, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మూడు పిన్నుల మైక్ కేబుల్) ద్వారానే. మిక్సర్‌కే ఎర్త్ లేకపోతే, యాంప్‌లో ఎక్కడ లీకైనా ఆ కరెంటు కేబుల్ వెంట మైక్ జాలీ దాకా వచ్చేస్తుంది. ఆ రోజు ఆమె తాటాకు చాప మీద నిలబడి ఉండబట్టి చురుక్కుతో పోయింది. తడి బరకం మీద ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

కాబట్టి పాడేవాళ్లు మైక్ ముట్టకముందే టెస్టర్ జాలీకి ఆనించి చూడండి. వెలిగితే ప్రోగ్రాం ఆపండి, ఎవరేమన్నా సరే. వెలగనంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. స్టేజీ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్) పెట్టమని కమిటీవాళ్లని పట్టుబట్టి అడగండి. హమ్ వస్తే ప్లగ్గు పిన్ను జోలికి వెళ్లకండి. ప్రాసెసర్ వెనకాల గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (సిగ్నల్ కేబుల్లోని ఎర్త్ కలయికని విడదీసేది) ఉంటే అది నొక్కి చూడండి, అదున్నది అందుకే. పాడేచోట ఆరిన చెక్క పలకో, రబ్బరు చాపో వేయండి.

అడాప్టర్ పెట్టెతో వచ్చినదే వాడండి. పిన్ను సరిపోయినంత మాత్రాన వోల్టేజి, ప్లస్ మైనస్‌లు సరిపోవు.

తర్వాత ఫాంటమ్ పవర్. మిక్సర్ కేబుల్ ద్వారా మైక్‌కి పంపే కరెంటు అది, 48 వోల్టులు, కండెన్సర్ మైకులకి కావాలి. మన పందిళ్లలో వాడే డైనమిక్ మైకులకి అక్కర్లేదు. మిక్సర్‌లో ఫాంటమ్ ఆన్‌లో ఉంటే అది ప్రాసెసర్ అవుట్‌పుట్‌లోకి ఎదురెక్కుతుంది, కొన్ని పెట్టెలకి అది పడదు. ఆపేసి కలపండి. అవుట్‌పుట్ లైన్ లెవెల్‌లో (మైక్ కన్నా చాలా బలమైన సిగ్నల్) ఉంటే మిక్సర్‌లో కూడా లైన్ ఇన్‌పుట్‌కే ఇవ్వండి. మైక్ ఇన్‌పుట్‌కి ఇస్తే గొంతు చిరిగిపోయినట్టు వస్తుంది, అందరూ ప్రాసెసర్‌నే తిడతారు.

గెయిన్ (మైక్ సిగ్నల్ ఎంత పెంచాలో చూసే నాబ్) పెట్టేటప్పుడు "హలో, మైక్ టెస్టింగ్" అంటూ పెట్టొద్దు. పాటలో గొంతు బాగా ఎక్కే చరణం నిండు గొంతుతో పాడించండి. ఎర్ర లైటు వెలిగితే, అది ఆరేదాకా తగ్గించండి.

పిచ్ కరెక్షన్, హార్మనీల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఆ పెట్టెకి తెలిసింది మేజర్, మైనర్. మన లెక్కలో మేజర్ అంటే శంకరాభరణం, మైనర్ అంటే నటభైరవి. మీరు మాయామాళవగౌళలో కీర్తన ఎత్తుకున్నారనుకోండి. ఒకటి శ్రుతి, అంటే షడ్జమం సి. శుద్ధ రిషభం సి షార్ప్ మీద పడుతుంది. సి మేజర్‌లో ఆ స్వరమే లేదు. పెట్టె దాన్ని అయితే షడ్జమం వైపు, లేకపోతే చతుశ్రుతి రిషభం వైపు ఈడ్చేస్తుంది. శుద్ధ ధైవతానికీ అదే గతి. చిన్నప్పుడు సరళీ స్వరాల్లో నేర్చుకున్న రాగం మన నోట్లోంచే తప్పుగా వినిపిస్తుంటే చాలా బాధగా ఉంటుంది. క్రోమాటిక్‌లో పెడితే పన్నెండు స్వరాలూ ఉంటాయి గానీ, కరెక్షన్ గట్టిగా ఉంటే గమకం మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. కీర్తనలకీ పద్యాలకీ కరెక్షన్ పూర్తిగా ఆపేయమనే నా సలహా. హార్మనీ కావాలంటే లలిత గీతాలకీ సినిమా పాటలకీ పెట్టుకోండి. అప్పుడు కూడా కీబోర్డు ఆయన్ని "సి వాయిస్తున్నారా?" అని కాకుండా "ట్రాన్స్‌పోజ్ ఎంతలో ఉంది?" అని అడగండి. ట్రాన్స్‌పోజ్‌లో అన్ని స్వరాల్నీ ఒక మెట్టు పెంచి పెట్టి సి మెట్ల మీద వాయిస్తుంటే అసలు శ్రుతి ఒకటిన్నర. మీరు సి అని పెట్టుకుంటే హార్మనీ మొత్తం అపశ్రుతే.

ఇదంతా స్టేజీ మీద కుదిరే పని కాదు. వారం ముందే ఇంట్లో పాటకో ప్రీసెట్ (దాచుకున్న సెట్టింగులు) చేసుకుని, పేరు బదులు వరస నంబరు రాసుకోండి. మీ గొంతుకి చేసిన ప్రీసెట్ ఇంకొకరికి సరిపడదు, ఇద్దరు పాడితే రెండు సెట్లు.

ఇంట్లో కమ్మగా ఉన్న రివర్బ్ పందిట్లో కూత పెట్టిస్తుంది. కంప్రెసర్ కూడా అంతే, చిన్న శబ్దాలని పైకి లేపుతుంది గనుక స్పీకర్ ధ్వని మళ్లీ మైక్‌లోకి దూరుతుంది. రెండూ ఇంట్లో ఉన్నదానికి సగం చేసి మొదలుపెట్టండి. పెద్ద స్పీకర్లు మైకులకన్నా ముందుండాలి. కార్డియాయిడ్ మైక్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువ పట్టేది) అయితే మానిటర్ (పాడేవాళ్లు వినే స్పీకర్) దాని తోక వైపు ఉండాలి. జాలీని గుప్పిట్లో మూసి పట్టుకోవద్దు, ఆ పట్టుతో మంచి మైక్ కూడా కూస్తుంది. పాడనివాళ్ల మైకులు ఆపేయండి. అనౌన్స్‌మెంట్లకి ఎఫెక్ట్స్ బైపాస్ చేయండి, అంటే తాత్కాలికంగా ఆపేయండి. తప్పిపోయిన పిల్లాడి పేరు ఎకోలో కలిసిపోతే వాళ్లమ్మకి వినపడదు.

లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి ఉందో లేదో కమిటీని అడిగి చూసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైక్ నిషేధమని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పండగలకి ప్రభుత్వం ప్రత్యేకంగా సడలింపు ఇస్తే అర్ధరాత్రి దాకా వీలుంటుంది. మీ ఊళ్లో ఈసారి ఏ రోజుల్లో ఇచ్చారో పోలీస్ స్టేషన్‌లో కనుక్కుని పాటల వరస వేసుకోండి.

ఆన్ చేసేటప్పుడు ముందు ప్రాసెసర్, తర్వాత మిక్సర్, చివర యాంప్. ఆపేటప్పుడు యాంప్ ముందు. జనరేటర్‌కి మార్చేటప్పుడు కూడా యాంప్ ఆపమని సౌండ్ ఆయనకి ముందే చెప్పి ఉంచండి. చినుకు పడగానే అందరూ విగ్రహం మీద బరకం కప్పడానికి పరిగెడతారు. ఒకరిని మాత్రం మెయిన్ స్విచ్ దగ్గరే ఉంచండి.