చెరకు కొట్టకముందే కోళ్ల గూడు చూసుకోండి

కార్తీకం దాటి మా చిత్తూరు పల్లెల్లో చెరకు కొట్టడం మొదలైందంటే, పెరట్లో కోళ్లు ఒక్కొక్కటే తగ్గడం కూడా మొదలవుతుంది. పెరిగిన చెరకుతోటలోకి మనిషి దూరడు. అందుకే అడవిపిల్లి అందులోనే పిల్లల్ని పెడుతుంది, నక్క పగలంతా అక్కడే పడుకుంటుంది. ముంగిసలు, ఎలుకలు, ఎలుకల కోసం వచ్చిన పాములు, అన్నీ అక్కడే. నాలుగు రోజుల్లో తోట కొట్టేసి సోగకు, అంటే మిగిలిన ఎండాకుకు, నిప్పు పెడితే అవన్నీ గట్ల మీది కంపలోకి, గడ్డివాముల్లోకి, అక్కడి నుంచి మన దొడ్లోకి వస్తాయి. సంక్రాంతికని మేపుకుంటున్న పుంజులు చేతికొచ్చేదీ అప్పుడే. పక్క చేనులో కత్తి పడటానికి కనీసం పదిహేను రోజుల ముందే ఈ పనులు పెట్టుకోండి.

మూడేళ్ల కిందట మా ఇంట్లో వారంలో నాలుగు పెట్టలు చచ్చాయి. వీధికుక్క పనే అనుకుని, చచ్చినవాటిని దిబ్బలో వేసి, వాకిట్లోకి కుక్క రాకుండా ముళ్లకంప కట్టాను. మర్నాడు మధ్యాహ్నం ఐదోది గుడ్డు పెట్టడానికి గూట్లోకి పోయి అక్కడే చచ్చి పడి ఉంది. దాన్నీ పారేయబోతుంటే అమ్మ ఆపింది. "ఉండు నాయనా, ఏం పట్టిందో చూడకుండా పారేస్తే రేపు ఇంకోదాన్ని పారేయాల్సొస్తుంది" అని, కోడిని ఒళ్లో పెట్టుకుని మెడ మీది ఈకల్ని నోటితో ఊదింది. ఈకలు విడిపోగానే తల వెనక బియ్యపు గింజంత గాట్లు, చుట్టూ కమిలిన నెత్తురు కనిపించాయి. మిగతా ఒళ్లంతా బాగానే ఉంది. కుక్క నోట్లో పడిన కోడి అట్లా ఉండదు. గూటి వెనక మట్టిగోడకీ రేకుకీ మధ్య మూడు వేళ్లు పట్టే సందు ఉంది, దాని అంచున బూడిదరంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. పట్టింది ముంగిస. ఆ సందులో రాళ్లు కూరి సిమెంటు పూశాక ఆ ఏడాది ఇంకొక కోడి పోలేదు.

అందుకే ముందుగా చెప్పేది ఇదే. కోడి చస్తే కోపంతో కర్ర తీయకండి, ఆనవాలు చూడండి. వచ్చిన జీవి ఏదో తెలిస్తేనే ఏ సందు మూయాలో తెలుస్తుంది.

ఆనవాళ్లు

కుక్కలు పడితే వాకిలంతా ఈకలు చెదిరి ఉంటాయి. చంపినవి నాలుగైదు ఉంటాయి గానీ తిన్నది పెద్దగా ఉండదు. తోలు చిరిగి, ఒళ్లు నలిగి, చొంగతో తడిసి ఉంటుంది. అడవిపిల్లి ఎక్కువగా ఒక్క కోడినే ఎత్తుకుపోతుంది. పట్టిన చోట పిడికెడు ఈకలు, అక్కడి నుంచి గట్టు దాకా ఒకటీ అరా కనిపిస్తాయి, అంతే. తెల్లవారుజాము, పొద్దుగూకే వేళ దానికి అనువైన సమయం. నక్కదీ దాదాపు అదే పద్ధతి. రెండింటినీ అడుగుల్లో తేడా పట్టవచ్చు. నక్క, కుక్క అడుగుల్లో గోళ్ల గుర్తు పడుతుంది. పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కాబట్టి పడదు. రాత్రి పడుకునే ముందు గూటి చుట్టూ పొయ్యి బూడిద పల్చగా జల్లండి. పొద్దున్నే ఎవరు వచ్చిందీ, ఎటు పోయిందీ ఆ బూడిదే చెబుతుంది. మా ఇంట్లో ఈ ఒక్క పని ఎన్నో గొడవల్ని ఆపింది.

పైకప్పు పెంకు జరిగి ఉంటే మానుపిల్లిని అనుమానించండి, అది చెట్టెక్కి కప్పు మీదుగా దిగుతుంది. దాని చుట్టమే పునుగుపిల్లి, ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పూసే పునుగు తైలం దీని నుంచి వచ్చేదే. మన పెద్దలు దాన్ని చూస్తే చేతులెత్తి దండం పెట్టేవాళ్లు. కోడి పోయిందని దాని మీదికి రాయి విసరాలంటే నాకు మనసొప్పదు.

పొదుగుతున్న పెట్ట కింద గుడ్లు పెంకు కూడా మిగలకుండా మాయమైతే పాము వచ్చిందనుకోవాలి. పిల్ల తల నుంచి మెడ దాకా తడిసి, ఈకలు అతుక్కుని చచ్చి ఉంటే మింగబోయి పట్టక వదిలేసిందని అర్థం. పిల్లల కాళ్లు కొరికి ఉన్నా, గూటి మూలన కొత్త బొరియ కనిపించినా అది పందికొక్కు పని. పగటిపూట ఆనవాలు లేకుండా పిల్ల పోతే పైకి చూడండి, గద్ద తిరుగుతుంటుంది. కాకి కూడా చిన్నపిల్లల్ని వదలదు. డేగ అయితే పట్టిన చోటే ఈకలు పీకి గుండ్రంగా పోస్తుంది. ఉడుము పగలే వస్తుంది, దానికి గుడ్లంటే ఆశ.

గూడు

నాటుకోడి పగలంతా తిరిగి మేస్తేనే బాగుంటుంది, దాన్ని బంధించమని చెప్పను. రాత్రి మాత్రం ఒక్క పూట కూడా బయట వదలకండి. పొద్దు వాలకముందే గుప్పెడు నూకలు గూటి ముందు చల్లడం అలవాటు చేస్తే పిలవకుండానే వస్తాయి. లెక్కపెట్టి, గడియ వేసి, దానికి కొక్కెం కూడా తగిలించండి. తలుపుకి రాయి ఆనించడాన్ని నమ్ముకోవద్దు, కుక్క మూతితో నెట్టేస్తుంది.

ఆరు మూలల కన్నులుండే పల్చటి కోళ్ల జాలీని కుక్క పళ్లతో చింపేస్తుంది. కొంచెం ఖర్చైనా అరంగుళం కన్ను ఉన్న వెల్డ్ మెష్ వేయండి. దాన్ని నేల దగ్గర ఆపేయకుండా బయటి వైపుకి అడుగు, అడుగున్నర పరిచి మట్టి కప్పాలి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, అక్కడ గోళ్లకు తీగ తగిలితే వదిలేస్తుంది. గూటిని రెండడుగుల ఎత్తున కాళ్ల మీద నిలబెట్టగలిగితే ఇంకా మంచిది. కాళ్లకు నున్నటి రేకు చుట్టండి. పగలు గూట్లోకి దూరి, తలుపు మూసి, దీపం వెలిగించకుండా చుట్టూ చూడండి, వెలుతురు కనిపించిన ప్రతిచోటా సందు ఉన్నట్టే.

గూటి చుట్టూ పది పదిహేను అడుగుల మేర కంప, చెత్త, పేర్చిన పెంకులు తీసేయండి. మేత రేకు డబ్బాలో మూత పెట్టి ఉంచండి. చిందిన నూకలకు ఎలుక వస్తుంది, ఎలుక వెనకే పాము వస్తుంది. గుడ్లు రోజుకు రెండుసార్లు తీయండి. పొదిగే పెట్ట కింద టార్చి వేసి చూడకుండా చెయ్యి పెట్టొద్దు, ఇది ఇంట్లో పిల్లలకు మరీ మరీ చెప్పండి. ఖర్మ కాలి పాము కాటు పడితే గట్టిగా తాడు కట్టడం, కోయడం, మంత్రం అంటూ ఆలస్యం చేయొద్దు. కాటు పడిన చెయ్యి కదపకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోవాలి.

కోడిపిల్లల్ని ఆరేడు వారాల దాకా తల్లితో పాటు గంప కింద గానీ వల కప్పిన చోట గానీ ఉంచండి. గంప మీద బరువు పెట్టడం మరవొద్దు. గద్దకు పైన అడ్డం లేని చోటు కావాలి. మునగ, కానుగ, మామిడి నీడ ఉన్న పెరట్లో దాని దెబ్బ తక్కువ. ఒకటి రెండు గిన్నికోళ్లు పెంచితే కొత్త జంతువు కనపడగానే ఊరు లేచేలా అరుస్తాయి.

ఒకసారి కోడి దొరికిన చోటికి ఆ జంతువు మళ్లీ వస్తుంది. అందుకే దెబ్బ తగిలాక నాలుగైదు రోజులు కోళ్లను బాగా ఎండ ఎక్కాకే వదలండి, చచ్చినదాన్ని రెండు మూడడుగుల లోతున పూడ్చండి.

చేయకూడనివి

గుళికల మందు కలిపిన మాంసం పెట్టడం, గూటి చుట్టూ కరెంటు తీగ లాగడం, ఈ రెండూ వద్దే వద్దు. ఆ మందు ఇంటి కుక్కనీ, పక్కింటి పసిబిడ్డనీ చంపుతుంది. తీగ తగిలి పోయిన రైతుల సంగతి మన పల్లెల్లో అందరికీ తెలుసు. అడవిపిల్లి, ముంగిస, ఉడుము, కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడే జీవులు, చంపితే కేసు. పాము ఇంట్లోకి వస్తే అటవీశాఖకు చెప్పండి. గాయపడిన కోడికి పశువైద్యం కావాలంటే 1962కి ఫోన్ చేయండి.

రాత్రి కోడి అరుపు వినగానే టార్చి పట్టుకుని తోటలోకి పరిగెత్తకండి. చంద్రగిరి, రంగంపేట వైపు శేషాచలం అంచున చిరుత తిరుగుతుంది. పలమనేరు, కుప్పం వైపు అయితే ఏనుగులు చెరకులోనే ఉండొచ్చు. కోడి పోతే పోయింది.

చెరకు కొట్టే రైతుతో ఒక మాట ముందే అనుకోండి. ఇళ్ల వైపు నుంచి మొదలుపెట్టి గుట్ట వైపుకి కొట్టుకుంటూ పోతే జంతువులు అటే జరుగుతాయి. నాలుగు వైపుల నుంచీ కొట్టి మధ్యలో మిగిల్చితే అవి దారి లేక ఊళ్లోకి దూకుతాయి. కొట్టేటప్పుడు మచ్చల పిల్లలు కనిపిస్తే చిరుత పిల్లలని టెన్షన్ పడి ఇంటికి మోసుకురావడం, ఫోటోలు తీయడం చేస్తారు. చాలాసార్లు అవి అడవిపిల్లి పిల్లలే. ముట్టుకోకుండా అటవీశాఖకు చెప్పి, అందరూ దూరంగా జరగండి. తల్లి దగ్గర్లోనే ఉంటుంది, చీకటి పడ్డాక వచ్చి ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని తీసుకుపోతుంది. ఆ రాత్రి మాత్రం మీ గూటి గడియ రెండుసార్లు చూసుకోండి.