నిలిపి ఉంచిన ట్రెయిలర్‌ని రోడ్డెక్కించే ముందు: బ్యాటరీ జాగ్రత్తలు

బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లే క్యాంపింగ్ ట్రెయిలర్‌ని నెలల తరబడి పక్కన పెట్టి బయటకు తీసేటప్పుడు ఎవరైనా ముందు టైర్లు చూస్తారు. బ్యాటరీ సంగతి లోపల లైటు వెలిగిందా లేదా అన్నదానితోనే సరిపెట్టేస్తారు. చిన్న ఎల్‌ఈడీ లైటుకి ఎంత కరెంటు కావాలి గనక? ప్రాణం పోతున్న బ్యాటరీతో కూడా అది వెలుగుతుంది. ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రెయిలర్ దారిలో బండి నుంచి ఊడిపోతే, దాన్ని ఆపాల్సింది దాని మీదున్న బ్యాటరీయే.

చార్జర్ తగిలించే ముందు ఒకసారి పరీక్షగా చూడండి. డబ్బా పక్కలు ఉబ్బినా, బీటలు వారినా, యాసిడ్ కారినా ఇక దాన్ని చార్జ్ చేయొద్దు. గడ్డకట్టే చలిలో ఉంచినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పూర్తిగా దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీలో యాసిడ్ దాదాపు నీళ్లలా పలచబడి, మైనస్ 10 డిగ్రీల దరిదాపుల్లోనే గడ్డకడుతుంది. ఆ స్థితిలో చార్జ్ పెడితే పేలే ప్రమాదం ఉంది.

టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని వంటసోడా కలిపిన నీళ్లతో, పాత బ్రష్‌తో రుద్ది కడగండి. సెల్ మూతలు గట్టిగా బిగించి ఉండాలి, సోడా చుక్క కూడా లోపలికి పోకూడదు. కేబుళ్లు ఊడదీసేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఉంగరం, చేతి గడియారం తీసేయండి. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. యాసిడ్ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూ ఉండి, వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

ఇప్పుడు మల్టీమీటర్, అంటే వోల్టేజి కొలిచే మీటర్. లైట్లు, చార్జర్ ఏవీ పనిచేయకుండా కొన్ని గంటలు వదిలేసి చూస్తే, 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 లేదా ఆ పైన చూపిస్తే ఫుల్. 12.2 అంటే సుమారు సగం. 12 కంటే కిందికి దిగి నెలలు గడిచిందంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఉంటుంది, దాని కెపాసిటీ మొత్తం తిరిగి రాకపోవచ్చు. అన్నీ ఆపేశామనుకున్నా గ్యాస్ లీక్ డిటెక్టర్, స్టీరియో లాంటివి నెమ్మదిగా కరెంటు లాగుతూనే ఉంటాయి.

నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే వాడాలి. ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత వరకే పోసి చార్జ్ చేసి, మిగతాది చార్జ్ అయ్యాక నింపండి. ముందే నిండుగా పోస్తే చార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటకొస్తుంది. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా పెట్టాలి. చార్జర్ క్లిప్పులు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ స్విచ్ ఆఫ్‌లో ఉండాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే వెంటనే కరెంటు ఆపేసి, గాలి బాగా ఆడనిచ్చి దూరంగా వెళ్లండి. ఏజీఎం, జెల్ అనేవి నీళ్లు పోయనక్కర్లేని సీల్డ్ లెడ్ యాసిడ్ రకాలు, వాటి మూతలు తెరవకండి, చార్జర్‌లో వాటికి తగిన సెట్టింగే పెట్టండి. లిథియం అయితే సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేయకూడదు.

చార్జర్ తీసిన వెంటనే మీటర్ చూపించే అంకెను అసలు నమ్మొద్దు, అప్పుడు ఏ బ్యాటరీ అయినా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రాత్రంతా వదిలేసి, మర్నాడు పంపు, లైట్లు కలిపి వేసి చూడండి. వోల్టేజి గబగబా పడిపోతే కొత్తది కొనడమే మేలు. రెండు బ్యాటరీలు కలిపి ఉంటే విడదీసి దేనికది పరీక్షించాలి, లేకపోతే పాడైనది మంచిదాన్ని కూడా లాగేస్తుంది.

చివరిగా బ్రేక్‌అవే స్విచ్, అంటే ట్రెయిలర్ ఊడిపోతే పిన్ను లాగబడి దాని బ్రేకులు పట్టించే స్విచ్. ట్రెయిలర్‌ని బండికి తగిలించి, కరెంటు ప్లగ్ మాత్రం తీసేసి పిన్ను లాగండి. బండిని మెల్లగా ముందుకు కదిలిస్తే ట్రెయిలర్ చక్రాలు పట్టేయాలి. పట్టకపోతే బయల్దేరొద్దు. పరీక్ష అవగానే పిన్ను వెనక్కి పెట్టేయండి, ఎక్కువసేపు అలాగే వదిలేస్తే బ్రేకులు ఆ బ్యాటరీని మళ్లీ ఖాళీ చేసేస్తాయి.