విశాఖలో మొక్కలు కొనేముందు గాలి సంగతి చూసుకోండి

నర్సరీకి వెళ్ళేముందు ఒక సాయంత్రం డాబా ఎక్కి గాలి ఎటు నుంచి కొడుతోందో చూడండి, అలాగే మీ కిటికీ ఊచలు కూడా చూడండి. రంగు వేసిన ఏడాదికే తుప్పెక్కుతున్నాయంటే ఉప్పుగాలి నేరుగా మీ ఇంటికి వస్తున్నట్టే. లాసన్స్ బే కాలనీ, రుషికొండ, భీమిలి వైపు ఉన్నవాళ్ళు ఇది అసలు మర్చిపోకూడదు. పెందుర్తి, సింహాచలం వైపు వాళ్ళకు అంత టెన్షన్ లేదు.

ఉప్పుగాలి తగిలే వైపు మొదటి వరుసలో గన్నేరు, కాగితం పూలు వేయండి, ఈ రెండూ ఎండకీ ఉప్పుకీ తట్టుకుంటాయి. గన్నేరు మొక్క మొత్తం విషమే, చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం వద్దు. కాగితం పూలకు రోజూ నీళ్ళు పోస్తే ఆకులే పెరుగుతాయి, మట్టి బాగా ఆరాకే పోయండి. ఈ వరుస చాటున నందివర్ధనం, మందారం, నూరువరహాలు హాయిగా బతుకుతాయి. మందారానికి పిండినల్లి (తెల్లటి పిండిలా అంటుకునే పురుగు) పడితే లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టండి.

నూరువరహాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను మూడు మొక్కలు పోగొట్టుకున్నాక గానీ నాకు విషయం అర్థం కాలేదు. ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే, ఎరువు చాలలేదనుకుని యూరియా వేస్తూ పోయాను. తవ్వి చూస్తే గోడ పక్కన ఇల్లు కట్టినప్పటి సున్నం, సిమెంటు పెళ్ళలు! అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు, అందుకే ఆకులు అలా పసుపెక్కుతాయి. ఆ చెత్త తీసేసి ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు నింపి కొత్త మొక్క పెట్టాక ఇప్పుడు గుత్తులు గుత్తులుగా పూస్తోంది.

కింద నేల మీదికి బిళ్ళగన్నేరు చాలు, దాని విత్తనాలు అవే రాలి మొలుస్తాయి, నీళ్ళు నిలిచే చోట మాత్రం కుళ్ళిపోతుంది. నీళ్ళు పారే చోట మెట్టతామర పెట్టండి.

ఇక చెట్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక మా వీధి చూసినవాళ్ళెవరూ ఇంటి పక్కన తురాయి నాటరు, దాని కొమ్మ పెళుసు, వేరు లోతుకు దిగదు. ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు కావాలంటే నా ఓటు పొన్నకీ పొగడకీ. పొన్న సముద్రం ఒడ్డున పెరిగే జాతే, ఆకు దళసరిగా మెరుస్తూ ఉంటుంది, పెద్దదవుతుంది కాబట్టి గోడకు కనీసం 15 అడుగుల దూరం ఇవ్వండి. చోటు తక్కువుంటే పొగడ మేలు. రెండూ నిదానంగానే పెరుగుతాయి, ఓపిక పట్టాలి.

మొక్క కొనేటప్పుడు పొడుగూ పూలూ చూసి మోసపోకండి. కవరు తీసి చూపించమని అడగండి, వేళ్ళు కవరులోనే గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే ఆ చెట్టు పెద్దయ్యాక గాలికి నిలబడదు. పొట్టిగా, కాండం లావుగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

జూన్, జూలైలో తొలి వానలు పడగానే రెండడుగుల గొయ్యి తీసి నాటితే అక్టోబరు తుఫాన్ల నాటికి వేరు కొంచెమైనా పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఊతకర్రకు తాడు కాస్త వదులుగా కట్టండి, కాండం కొంచెం ఊగితేనే గట్టిపడుతుంది, ఏడాదికి ఆ కర్ర తీసేయండి. తుఫాను వెళ్ళిన మర్నాడు వాన పడకపోతే పైపు పెట్టి మంచినీళ్ళతో ఆకులన్నీ కడగండి, ఉప్పు అలాగే ఉండిపోతే రెండు రోజుల్లో ఆకుల అంచులు మాడిపోతాయి.