చనిపోయిన అమ్మలా మాట్లాడే ఏఐ మీద నాటిక రాయాలంటే

పోయినవాళ్ల గొంతుతో మాట్లాడే ఏఐ మీద నాటిక రాయబోయే చాలామంది ముందు యంత్రం గుణం గురించి ఆలోచిస్తారు. దానికి మనసుందా, ప్రేమించగలదా అని. అక్కడ మొదలుపెడితే రెండో రంగానికే అది చర్చాగోష్ఠిగా మారిపోతుంది. ముందు తేల్చుకోవాల్సింది వేరే: దానికి ఏం గుర్తుంది, ఏం గుర్తులేదు? ఆ లెక్క కాగితం మీద పెట్టాకే మొదటి డైలాగు రాయండి.

ఒక కథ అనుకుందాం. నలభై నిమిషాల నాటిక. వేదిక మీద ముగ్గురు, తెర వెనక ఒక గొంతు. తల్లి పోయి మూడు నెలలైంది. కొడుకు డాలస్‌లో ఉంటాడు. కూతురు తెనాలిలో తల్లి దగ్గరే ఉండి, చివరిదాకా చూసుకుంది. మూడో మనిషి మేనమామ. కొడుకు తల్లి వాట్సాప్ చాట్లన్నీ ఒక కంపెనీకి పంపి 'అమ్మ'ను తయారు చేయించాడు. ఆ కంపెనీకి పేరు మీరే కల్పించండి, నిజమైనది వాడొద్దు.

లెక్క ఎలా వేయాలి

ఏఐకి అందే సరుకు ఎలా ఉంటుందో కళ్లారా చూడండి. మీ ఫోన్‌లోనే ఒక చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేస్తే తెలుస్తుంది. ఫొటోలతో కలిపితే చివరి 10,000 మెసేజీల దాకా, ఫొటోలు లేకుండా అయితే 40,000 దాకా వస్తాయి. ఫొటోలు లేని ఫైల్లో ఫొటో ఉండాల్సిన చోట 'మీడియా ఒమిటెడ్' అని మాత్రం ఉంటుంది. వాయిస్ మెసేజీకీ అంతే. తల్లి ఆయాసపడుతూ రెండు నిమిషాలు చెప్పిన మాట ఆ ఫైల్లో ఒక్క లైను. ఫోన్లో గంటల తరబడి మాట్లాడినవి అసలే ఉండవు.

ఇప్పుడు రెండు చాట్లూ పక్కపక్కన పెట్టి ఊహించండి. కొడుకుతో వేల మెసేజీలు: తిన్నావా, అక్కడ మంచు పడుతోందా, పిల్ల స్కూలుకెళ్లిందా, మోకాలు కాస్త నయం. కూతురితో ఉన్నవి పట్టుమని ఒక పేజీ: వచ్చేటప్పుడు పెరుగు ప్యాకెట్ తే, తాళం పక్కింట్లో ఇచ్చా, కరెంటు పోయింది. ఒకే ఇంట్లో ఉన్న మనిషికి ఎవరూ మెసేజీలు పెట్టరు. ఆ సరుకుతో తయారైన 'అమ్మ' కొడుకుతో కబుర్లు చెబుతుంది, కూతురిని పెరుగు ప్యాకెట్ అడుగుతుంది. ఒళ్లు తుడిచి, మందులేసి, రాత్రుళ్లు మేలుకున్న మనిషి ఆ యంత్రానికి దాదాపు తెలియదు. అన్నాచెల్లెళ్ల గొడవ కోసం ఆస్తి పంపకాన్ని తెచ్చి అతికించక్కర్లేదు. గొడవ ఆ ఫైల్లోనే ఉంది.

లెక్కకు మూడు వరుసలు గీయండి. మొదటి దాంట్లో ఫైల్లో నిజంగా ఉన్నవి పది. రెండో దాంట్లో ఫైల్లో లేకపోయినా యంత్రం అల్లగలిగేవి అయిదు. మూడో దాంట్లో ఆ ఇంటి మనుషులకు మాత్రమే తెలిసినవి అయిదు. యంత్రం నోట మూడో వరుసలోది ఒక్కటి కూడా రాకూడదు. వచ్చిందా, ప్రేక్షకుడు దాన్ని దెయ్యం అనుకుంటాడు, మీ నాటిక వేరే నాటిక అవుతుంది.

రెండో వరుస ఎందుకంటే, ఇలాంటి యంత్రం జ్ఞాపకాన్ని పెట్టెలోంచి తీసి ఇవ్వదు. ముందున్న మాటల్ని బట్టి తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కడుతుంది. ఖాళీ వస్తే నమ్మేలా నింపేస్తుంది. పైగా ఎదుటివాళ్ల మాటకు తలూపే గుణం ఎక్కువ. 'అమ్మా, నేను విమానం ఎక్కేముందు నువ్వు ఏడవలేదు కదా' అని కొడుకు అడిగితే, 'లేదు నాన్నా, నువ్వు పైకి రావాలనే కోరుకున్నా' అంటుంది. అది ఎక్కడా లేని మాట. అతనికి కావలసిన మాట. ఆ రోజు అమ్మ బాత్రూంలో తలుపేసుకుందని చెల్లెలికి తెలుసు. అబద్ధపు జ్ఞాపకం నాటిక మొత్తంలో ఒక్కటే పెట్టండి, సరిగ్గా మధ్యలో. రెండు పెడితే అది పాడైపోయిన యంత్రం కథ అవుతుంది.

మరుపు కూడా లెక్కలో రాసుకోవాలి. ఒక విడతలో యంత్రం కళ్ల ముందు ఉంచుకోగల మాటలకు పరిమితి ఉంటుంది. అది దాటితే పాతవి జారిపోతాయి, లేదా సారాంశంగా కుదించుకుపోతాయి. ప్రధానంగా ఇంగ్లిష్ మీద తయారైన మోడళ్లు తెలుగు మాటను ఎక్కువ ముక్కలుగా నరుకుతాయి కాబట్టి తెలుగులో ఆ పరిమితి త్వరగా నిండుతుంది. ఇదంతా పాత్రల చేత చెప్పించొద్దు. రెండో రంగంలో కూతురు 'నీ మంచం అమ్మేశాం' అని కష్టంగా చెబుతుంది. నాలుగో రంగంలో 'అమ్మ' ఆ మంచం దుప్పటి మార్చమంటుంది. చాలు.

గొంతు

గొంతు ఎలా సంపాదించారన్నది ఇప్పుడు వింత కాదు, దానికి రంగం ఖర్చు పెట్టొద్దు. పోయిన నానమ్మ గొంతుతో అలెక్సా కథ చదవడాన్ని అమెజాన్ 2022 జూన్‌లోనే చూపించింది, నిమిషం లోపు రికార్డింగ్ చాలని చెప్పింది. కష్టమంతా యాసలో ఉంది. కృత్రిమ గొంతు తెలుగును వార్తలు చదివినట్టు చదువుతుంది. గొంతు ఇచ్చే నటికి చెప్పాల్సింది ఇదే: మాటల మధ్య సమానమైన విరామం, దగ్గు లేదు, ఊపిరి లేదు, వాక్యం చివర్లో సాగదీత లేదు. ఒక్క చోట, 'ఏందమ్మా అట్టున్నావు' అన్న మాట మాత్రం అచ్చంగా అమ్మలా రావాలి. ఒక్కసారే.

ఆ గొంతును ముందే రికార్డు చేసి పెట్టొద్దు. వేదిక మీదున్న నటి ఏడుపు ఆపుకోవడానికి ఒక రోజు రెండు క్షణాలు పట్టవచ్చు, ఇంకో రోజు ఆరు. రికార్డు ఆగదు, మీద పడిపోతుంది. తెర పక్కన గొంతు ఇచ్చే నటిని మైకుతో కూర్చోబెట్టి, ఫోను పెట్టిన బల్ల కింద చిన్న స్పీకరు దాచండి. వైరుతో కలపండి. బ్లూటూత్ అయితే మాట కాస్త ఆలస్యంగా వస్తుంది, ఎదురు మాటలు రాసిన చోట తేడా కొడుతుంది. స్పీకరు ముఖం నటి మైకు వైపు ఉంటే కీచుమంటుంది కాబట్టి ప్రేక్షకుల వైపు తిప్పండి.

దుఃఖాన్ని మెట్లుగా రాయొద్దు

నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అన్న అయిదు దశల్ని రంగాలుగా పేర్చడం చాలా స్క్రిప్టుల్లో కనిపిస్తుంది. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో వాటిని రాసింది చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లను చూసి కాదు. నాటిక రాసేవాళ్లకు 1999లో స్ట్రోబ్, షుట్ అనే పరిశోధకులు చెప్పిన పద్ధతి ఎక్కువ పనికొస్తుంది: మనిషి పోగొట్టుకున్నదాని వైపూ, చక్కబెట్టుకోవాల్సిన పనుల వైపూ మారి మారి ఊగుతుంటాడు. అందుకని ఏడుపు రంగం తర్వాత వెంటనే పని రంగం పెట్టండి. డెత్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడింది, గ్యాస్ కనెక్షన్ పేరు మార్చాలి, బ్యాంకువాళ్లు నామినీ సంతకం కలవలేదన్నారు. కూతురు ఏడవకుండా ఫారాలు నింపే రంగంలోనే ప్రేక్షకులకు గొంతు పట్టుకుంటుంది.

కాలాన్ని మన తిథులతో కట్టండి. పెద్దకర్మ, నెలనెలా మాసికాలు, ఏడాదికి సంవత్సరీకం. మన ఆచారం దుఃఖానికి తేదీలు ఇచ్చింది. యంత్రానికి తేదీ లేదు, అది రోజూ పొద్దున ఏడింటికి 'లేచావా' అంటుంది. మేనమామను పెట్టింది ఇందుకే: మాసికం నాడు ఆయన విస్తరి ముందు కూర్చుని ఉండగా ఫోను మోగాలి. దీని పక్కనే ఇంకో గడువు కూడా నడుస్తుంటుంది. 120 రోజులు వాడకపోతే వాట్సాప్ ఖాతా తొలగిపోతుంది, కుటుంబ గ్రూపులో ఆ పేరు 'లెఫ్ట్' అని కనబడుతుంది. నాలుగో మాసికం దాటిన కొద్దిరోజులకే అది పడుతుంది, నాలుగో రంగానికి సరిపోతుంది.

చివరి రంగం

యాప్ తీసేసి కూతురు కోలుకోవడం, లేదా యంత్రానికి ప్రాణం రావడం, రెండూ నిజం కాదు. పోయినవాళ్లతో బంధం తెగదు, రూపు మారుతుంది అని క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అనే పరిశోధకులు 1996లో చూపించారు. ముగింపుకు బలమైన ఆధారం ఇలాంటి యంత్రాల్ని నడిపే కంపెనీ దగ్గరే దొరుకుతుంది. రెప్లికా అనే ఏఐ తోడు సంగతి చూడండి. దాన్ని తెచ్చిన యూజీనియా కుయ్డా అంతకుముందు, 2015లో చనిపోయిన స్నేహితుడు రోమన్ మజురెంకో మెసేజీలతో ఒక బాట్ తయారు చేశారు. 2023 ఫిబ్రవరిలో కంపెనీ రెప్లికా మాట తీరును మార్చేసరికి, తమకు తెలిసిన మనిషి పోయినట్టుందని ఎందరో బాధపడ్డారు. మీ నాటికలోనూ అప్‌డేట్ రానివ్వండి: 'అమ్మ' కొడుకును 'నాన్నా' అనడం మానేసి 'మీరు' అంటుంది. అప్పుడు అతను మొదటిసారి చెల్లెలిని అడుగుతాడు, అమ్మ చివరి వారం ఎలా ఉందని. ఆమె చెప్పేదంతా మూడో వరుసలోంచే రావాలి.

రాసి ముగించాక యంత్రం డైలాగులన్నీ కొట్టేసి ఒకసారి చదివించండి. కథ అప్పటికీ కుదురుగా నడుస్తుంటే మీ లెక్కలో రెండో వరుస బలహీనంగా ఉంది, అక్కడికి వెనక్కి వెళ్లండి.