తిన్నది కిందికి దిగని కుక్కకు అన్నం పెట్టే పద్ధతి

మా కర్రోడికి ఆరేళ్లు. నల్లటి నాటుకుక్క. ఏలూరులో మా టైలరింగ్ షాపు మెట్ల కింద పిల్లగా ఉన్నప్పుడు దొరికాడు. రెండేళ్ల కిందట వేసవి చివర్లో తిన్నది తిన్నట్టే బయటికి పోసేయడం మొదలుపెట్టాడు. మొదట చూపించిన చోట వాంతులన్నారు. మూడు వారాలు వాంతుల మందులు వాడాం. 16 కిలోలు ఉండేవాడు 12 కిలోల 500 గ్రాములకు దిగిపోయాడు. వీపు మీద చెయ్యేస్తే వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉండేవి. చివరికి గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లి ఛాతీ ఎక్స్‌రే తీయిస్తే అసలు సంగతి బయటపడింది. జబ్బు పేరు మెగా ఈసోఫేగస్. నోట్లోంచి కడుపులోకి అన్నాన్ని తోసే గొట్టం, అంటే అన్నవాహిక, పట్టు పోయి వదులైన సంచిలా సాగిపోయింది. అన్నం అందులోనే నిలబడిపోతోంది.

డాక్టరు ఇచ్చే మందులు అవసరమే. కానీ ఈ జబ్బులో కుక్కను నిలబెట్టేది రోజూ మనం అన్నం పెట్టే తీరు. రెండేళ్లుగా నేను చేస్తున్నది, తప్పు చేసి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు, అది వాంతా కాదా అన్నది తేల్చుకోండి. వాంతికి ముందు కుక్క ఓకరిస్తుంది, పొట్ట ఎగదన్నుతుంది, పసరు కూడా రావచ్చు. ఈ జబ్బులో అదేమీ ఉండదు. నడుస్తూ నడుస్తూ తల దించుతుంది, తిన్నది జారి కింద పడుతుంది. కర్రోడు పోసినది నేను వంగి చూశాను. మెతుకు మెతుకులాగే ఉంది. తెల్లటి జిగురు చుట్టుకుని, జంతికల గొట్టంలోంచి ఒత్తిన పిండిలా పొడుగ్గా పడి ఉంది. పుల్లటి వాసన కూడా లేదు. తిన్న రెండు నిమిషాలకే రావచ్చు, నాలుగైదు గంటలకైనా రావచ్చు. ఇలా జరిగితే ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. ఆ పని నేను మొదటి రోజే చేసి ఉంటే ఆ మూడు వారాలు పోయేవి కాదు. కుక్కల అన్నవాహికలో ఉండేది కాళ్లలో ఉండేలాంటి కండ. పేగుల్ని కదిలించే మందులు దాన్ని కదిలించలేవు.

కారణం వెతికించడం కూడా ముఖ్యం. పాలు మాని గట్టి తిండి మొదలుపెట్టగానే పిల్లకు ఇలా అవుతుంటే పుట్టుకతో వచ్చింది కావచ్చు. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి జాతుల్లో ఇది ఎక్కువ. కొన్ని పిల్లలకు గుండె దగ్గరి రక్తనాళం అన్నవాహికను ఉంగరంలా బిగించేస్తుంది, దానికి ఆపరేషన్ ఉంది. పెద్దయ్యాక కుక్కకు కొత్తగా వస్తే మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల జబ్బు ఉందేమోనని రక్తపరీక్ష చేయించమని అడగండి. పెద్దయ్యాక ఈ జబ్బు వచ్చిన కుక్కల్లో దాదాపు నాలుగో వంతు వాటికి కారణం అదే. దానికి మందుంది, కొన్ని కుక్కలకు గొట్టం మళ్లీ పనిచేస్తుంది కూడా. ఆడిసన్ అనే హార్మోన్ లోపం వల్ల వచ్చినా అంతే, ఆ లోపానికి మందు వేస్తే ఇదీ తగ్గొచ్చు. కర్రోడికి ఈ రెండూ లేవని తేలింది. కారణం దొరకనివాటిలో వాడొకడు.

కుర్చీ

గొట్టం తోయడం మానేసింది కాబట్టి అన్నం తన బరువుతో తానే దిగాలి. నాలుగు కాళ్ల మీద నిలబడిన కుక్కకు ఆ గొట్టం అడ్డంగా ఉంటుంది. గిన్నెను ఎత్తు పీట మీద పెడితే చాలదు. మనిషి కుర్చీలో కూర్చున్నట్టు కుక్క వీపు ఆనించి నిటారుగా కూర్చోవాలి. అమెరికాలో బెయిలీ అనే కుక్క కోసం దాన్ని పెంచుకున్నవాళ్లు ఇలాంటి కుర్చీ తయారు చేశారు. అందుకే ప్రపంచమంతా దీన్ని బెయిలీ చెయిర్ అంటారు.

టేపు పట్టుకోవడం నా రోజువారీ పని కాబట్టి కొలతలు నేనే తీశాను. కుక్కను గోడకు ఆనించి పిర్రల మీద కూర్చోబెట్టి, ముందు కాళ్లు ఎత్తి పట్టుకోమని ఇంకొకరికి చెప్పండి. తుంటి దగ్గర వెడల్పు, వీపు నుంచి రొమ్ము దాకా లోతు, పిర్రల నుంచి మెడ మొదలు దాకా ఎత్తు, ఈ మూడూ కావాలి. వెడల్పుకు రెండంగుళాలు మాత్రమే కలపండి. వదులుగా ఉంటే సౌకర్యంగా ఉంటుందని నేను మొదట నాలుగు కలిపాను. వాడు పక్కకు తిరిగి నడుం వంచి కూర్చున్నాడు, అన్నం మెలికలోనే ఆగిపోయింది. ఇప్పుడున్న కుర్చీ లోపలి వెడల్పు 11 అంగుళాలు, లోతు 12, ముందు కాళ్లు ఆనించే పలక ఎత్తు 17.

డబ్బు పెట్టేముందు అట్టపెట్టెతో చేసి చూడండి. కూలర్ వచ్చిన పెట్టె కోసి, టేపు అంటించి నాలుగు రోజులు వాడాం. అది సరిపోయాకే మా వీధి వడ్రంగితో 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో కొట్టించాం. ముందు పలకకు బందులు వేయించి తలుపులా తెరుచుకునేలా పెట్టాం, లేకపోతే రోజుకు నాలుగుసార్లు కుక్కను ఎత్తి దింపలేం. లోపల స్పాంజి మీద రెక్సిన్ కుట్టాను. గుడ్డ వేయకండి, జొల్లుకు రెండు రోజుల్లో వాసన పడుతుంది. కూర్చునే చోట జారకుండా పాత యోగా మ్యాట్ ముక్క వేశాను.

చిన్న కుక్క అయితే కుర్చీ లేకుండానే ఒళ్లో నిటారుగా పట్టుకోవచ్చు, పసిపిల్లల్ని ఎత్తుకునే బెల్టు సంచి కూడా పనికొస్తుంది.

కుర్చీ తెచ్చిన రోజే అన్నం పెట్టకండి. మొదటి రెండు రోజులు తలుపు తీసి వదిలేశాను, వాడే వాసన చూసుకున్నాడు. తర్వాత లోపలికి వస్తే వేలికి కొంచెం పెరుగు రాసి నాకించాను. మూడు నాలుగు రోజులకు తలుపు వేసి ఒక నిమిషం, ఆపైన ఐదు నిమిషాలు. వారం తిరిగేసరికి మిక్సీ చప్పుడు వినగానే కుర్చీ ముందు నిలబడేవాడు.

ఏం పెట్టాలి, ఎంత చిక్కగా

దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. ఒక కుక్కకు పల్చటి జావ దిగుతుంది, ఇంకోదానికి కైమా ఉండలే దిగుతాయి. ఒక్కో చిక్కదనం నాలుగైదు రోజులు పెట్టి ఎన్నిసార్లు తిరిగొచ్చిందో రాసుకోండి. నా దగ్గర జాకెట్ల కొలతలు రాసే పుస్తకంలోనే వెనక పేజీల నుంచి వాడి లెక్క మొదలవుతుంది. దోసెల పిండిలా పల్చగా చేస్తే రోజుకు మూడుసార్లు పోసేవాడు. ఇడ్లీ పిండిలా గరిటె జారుగా చేస్తే ఒక్కసారికి తగ్గింది, తర్వాత వారానికి రెండు మూడుసార్లయింది. ముద్ద కట్టి అతుక్కునేవి, అంటే బ్రెడ్డు, చపాతీ, మెత్తటి అన్నం ముద్ద వాడికి అస్సలు పడవు.

కుక్కల మేత గింజల్ని వేడి నీళ్లలో అరగంట నానబెట్టి, ఉడికించిన చికెన్, కొంచెం గుమ్మడికాయ వేసి మిక్సీలో మెత్తగా తిప్పుతాను. ఒక్క బరక కూడా ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి, మసాలా, ఎముక ఏదీ వద్దు. ఉత్తి ఇంటి వంటే పెట్టాలనుకుంటే కాల్షియం లాంటివి డాక్టరును అడిగి కలపండి.

కొంచెం తిన్నా బలం ఉండాలి. కుక్క బరువు 16 కిలోలైతే ఊరికే పడుకుని ఉండటానికే రోజుకు దాదాపు 560 కేలరీలు కావాలి. తిరిగే కుక్కకు ఇంకా ఎక్కువ. మా డాక్టరు 900 దగ్గర పెట్టమన్నారు. చిక్కిపోయిన బరువుకు కాదు, ఉండాల్సిన బరువుకు లెక్క కట్టాలి. దాన్ని నాలుగు పూటలు చేశాను: పొద్దున ఆరు, పదకొండు, సాయంత్రం నాలుగు, రాత్రి తొమ్మిది.

నీళ్లే అన్నిటికన్నా కష్టం. గిన్నెలో నీళ్లు పెట్టి వదిలేయడం పూర్తిగా మానేశాం, ఎందుకంటే పల్చటి నీళ్లు పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పావు లీటరు నీళ్లకు ఒక టేబుల్ స్పూను జిలాటిన్ పొడి వేడి నీళ్లలో కరిగించి, ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక ముక్కలు కోసి కుర్చీలోనే పెడతాను. ముక్కగా దిగి, కడుపు వేడికి కరిగి నీళ్లవుతుంది. తీపి కలిపిన జెల్లీ ప్యాకెట్లు వాడొద్దు. కొన్నిట్లో జైలిటాల్ ఉంటుంది, అది కుక్కలకు విషం. మే నెలలో ఆ ముక్కలు గిన్నెలోనే కరిగిపోతాయి, అప్పుడప్పుడే తీసి పెట్టాలి. పూలకుండీల కింద పళ్లాలు, బాత్రూమ్ బకెట్లు కూడా చూసుకోండి. దాహమైతే ఎక్కడైనా తాగేస్తారు.

తిన్నాక పాతిక నిమిషాలు

ఇక్కడే చాలామంది ఓపిక పోగొట్టుకుంటారు. తినడం ఐదు నిమిషాలు, కూర్చోవడం పాతిక నిమిషాలు. కొన్ని కుక్కలకు పది చాలు, కర్రోడికి చాలదు. నేను పక్కన పీట వేసుకుని జాకెట్లకు హుక్కులు కుడతాను. రెండు జాకెట్లు పూర్తయ్యేసరికి వాడి టైమ్ అయిపోతుంది.

మధ్యలో మెడకు ఎడమవైపు, ఛాతీలోకి దిగే చోట చెయ్యి పెట్టి చూడండి. మెడలో అన్నవాహిక ఉండేది ఆ పక్కనే. కర్రోడికి అన్నం ఆగినప్పుడు అక్కడ నీళ్లు నింపిన పాలిథిన్ కవరులా మెత్తగా ఉబ్బుతుంది. చెవి ఆనిస్తే గుడగుడమంటుంది. వేళ్లతో మెల్లగా కిందికి నిమురుతాను. గుడగుడ ఆగి, ఉబ్బు పోయి, వాడొక తేన్పు తేన్చాక తలుపు తీస్తాను. పాతిక నిమిషాలైనా ఉబ్బు ఉంటే ఇంకో పది నిమిషాలు ఉంచుతాను. అదీ పోకపోతే పూట తర్వాతి పూటకు జరుపుతాను కానీ నిండిన గొట్టం మీద మళ్లీ పెట్టను.

మాత్రలు కూడా ఇక్కడే, కుర్చీలోనే. డాక్సీసైక్లిన్ లాంటివి గొట్టంలో ఇరుక్కుంటే కాల్చేస్తాయి. ఏది నలగ్గొట్టవచ్చో, ఏది కూడదో అడిగి తెలుసుకోండి. సిల్డెనాఫిల్ అనే మందు ద్రవరూపంలో ఇస్తే అన్నవాహిక కింది మూత వదులై అన్నం దిగడం సులువవుతుంది. కొన్ని కుక్కలకు బాగా పనిచేస్తుంది. మగవాళ్ల మందు అని మెడికల్ షాపులో మొహమాటపడకండి, చీటీ చూపించండి. మోతాదు మాత్రం డాక్టరే చెప్పాలి.

మెడకు కాలరు తీసేసి ఛాతీ బెల్టు వేయండి. రాత్రిళ్లు ఊరిన ఉమ్మి గొట్టంలో నిలిచి తెల్లారేసరికి నురగ కక్కుతుంటే మెడ దిండు కట్టండి. నాలుగంగుళాల లావు గొట్టంలా గుడ్డ కుట్టి, దూది కూరి, వెల్‌క్రో పెట్టాను. మెడకూ దిండుకూ మధ్య రెండు వేళ్లు దూరాలి. తల పైకి ఉండి నిద్రపోతాడు. లేవగానే అన్నం ముందు పది నిమిషాలు ఖాళీ కడుపుతో కుర్చీలో కూర్చోబెడతాను, రాత్రి నిలిచినది దిగిపోతుంది.

భయపడాల్సింది దేనికి

అన్నం తిరిగి రావడం కన్నా, వచ్చినది పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోవడం ప్రమాదం. దాన్నుంచి వచ్చే న్యుమోనియాయే ఈ కుక్కల్ని ఎక్కువగా తీసుకుపోతుంది. కిందటి ఏడాది సంక్రాంతికి ఇంటికొచ్చిన చుట్టాల పిల్లాడు ప్రేమగా వాడికి ఒక అరిసె పెట్టాడు. నేను వెనక గదిలో ఉన్నాను. రాత్రి రెండింటికి దగ్గు. తెల్లారేసరికి మూలన పడుకుని పిలిస్తే తోక కూడా కదల్చలేదు. జ్వరం 104 డిగ్రీలు. ఐదు రోజులు సెలైన్లు, ఇంజెక్షన్లు, ఆక్సిజన్. ఆ ఐదు రోజులు షాపు తెరవలేదు. వాడు తల ఎత్తి నా చేతిని నాకిన పూట దాకా నాకు అన్నం సయించలేదు.

అప్పటి నుంచి రోజూ రాత్రి, గాఢంగా నిద్రపోయాక ఊపిరి లెక్కపెడతాను. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించండి. నిమిషానికి ముప్ఫై దాటి అలాగే ఉంటే, లేదా జ్వరం 102.5 దాటితే, దగ్గు, ముక్కు నుంచి చీమిడి, తిండి మీద ధ్యాస లేకపోవడం ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. పోస్తున్నప్పుడు నోట్లో చెయ్యి పెట్టొద్దు, తల ఎత్తొద్దు. తల కిందికి దించుకోనిచ్చి, పూర్తయ్యాక నోరు తుడవండి.

వాడి ఛాతీ బెల్టు మీద పసుపు గుడ్డ వేసి ఎర్ర దారంతో కుట్టాను: నాకు గొంతు జబ్బు, ఏమీ పెట్టకండి. ఇంట్లో ఇంకొకరికి కూడా పని మొత్తం నేర్పండి. మా ఆయనకు జావ చిక్కదనం చూడటం రావడానికి నెల పట్టింది, ఇప్పుడు నాకన్నా బాగా చేస్తారు. అన్నీ చేసినా బరువు నిలవని కుక్కలుంటాయి. వాటికి పొట్టలోకే నేరుగా ట్యూబు వేసి తిండి పెట్టే దారి ఉంది. ఆలస్యం కాకముందే ఆ మాట డాక్టరుతో మాట్లాడండి.

బరువు వారానికొకసారి, ఒకే రోజు, పొద్దున తిండికి ముందు చూడాలి. నేను ఎత్తుకుని కాటా ఎక్కుతాను, తర్వాత దింపేసి ఒక్కదాన్నే ఎక్కుతాను, తేడా రాసుకుంటాను. రెండు వారాలు వరుసగా తగ్గితే కేలరీలు పెంచాలి, లేదా చిక్కదనం మార్చాలి. ఈ ఆదివారం వాడి పేజీలో రాసింది 15 కిలోల 200 గ్రాములు.