పాత కారు ఇంజిన్ పాఠాలు – 4: ఐడ్లింగ్‌లో వణుకు, వాక్యూమ్ గొట్టాల్లో లీకు

గత పాఠంలో పాయింట్ల (నిప్పు పుట్టించడానికి తెరుచుకొని మూసుకొనే లోహపు ముక్కల) సందును, ప్లగ్గుల సందును సరిచూడడం నేర్చుకున్నాము. 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ ఉన్న అంబాసిడర్‌లో లూకాస్ డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు నిప్పును పంచే భాగం) పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య, ప్లగ్గు సందు సుమారు 0.6 మిల్లీమీటర్లు ఉన్నట్టు నిర్ధారించుకున్నాకే ఈ పాఠాన్ని ఆచరణలో పెట్టండి. నిప్పు సరిగా పడని ఇంజిన్‌లో గాలి లీకు (వాక్యూమ్ గొట్టాల్లోనో ప్యాకింగుల్లోనో ఉన్న సందు గుండా బయటి గాలి లోపలికి దూరడం) కోసం వెతకడం వృథా ప్రయాస.

ముందుగా జబ్బు లక్షణాన్ని గుర్తుపట్టాలి. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి బండి నిలిచి ఇంజిన్ ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా మెల్లగా) తిరుగుతున్నప్పుడు స్టీరింగు చేతిలో వణుకుతూ, ఇంజిన్ ఒక్కొక్క దెబ్బ తప్పుతూ, చివరకు ఆగిపోయి, అదే బండి కనకదుర్గ వారధి మీద వేగం అందుకోగానే ఏ జబ్బూ లేనట్టు నడిస్తే, అనుమానం మొదట గాలి లీకు మీదికే పోవాలి. అలా కాక నిలకడగా ఐడ్లింగ్ చేసే బండి ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మాత్రమే మిస్సింగ్ ఇస్తే, లోపం నిప్పు వైపో పెట్రోలు వైపో ఉంటుంది. దానికి ఈ పాఠం పనికిరాదు.

ఈ తేడా ఎందుకు వస్తుందో లెక్క వేసి చూస్తే మనసుకు పడుతుంది. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే పలక) దాదాపు మూసుకొని ఉంటుంది గనుక, నిమిషానికి 600 చుట్లు తిరిగే ఈ ఇంజిన్ లోపలికి తీసుకొనే గాలి నిమిషానికి సుమారు 150 నుంచి 180 లీటర్లు మాత్రమే. మానిఫోల్డులో (సిలిండర్లకు మిశ్రమం పోయే గొట్టంలో) పీల్పు బలంగా ఉన్న ఆ స్థితిలో 3 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న రంధ్రం గుండా నిమిషానికి 50 లీటర్లకు పైగా గాలి దూసుకుపోగలదు. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ గుండా రాని ఆ గాలికి తోడుగా పెట్రోలు రాదు కాబట్టి మిశ్రమం పలచబడి, కొన్ని సిలిండర్లలో అంటుకోకుండానే బయటికి పోతుంది. 3000 చుట్ల దగ్గర ఇంజిన్ నిమిషానికి వెయ్యి లీటర్ల దాకా పీలుస్తున్నప్పుడు అదే రంధ్రం లెక్కలోకి రాదు.

అందుకే ఐడ్లింగ్ బాగాలేదనగానే స్క్రూ తిప్పి వేగం పెంచే పద్ధతిని నేను ఒప్పుకోను. వేగం పెంచితే వణుకు మాటున పడుతుందే గాని రంధ్రం పూడదు. పైగా పెట్రోలు ఖర్చు పెరుగుతుంది, క్లచ్ నొక్కి ఫస్టు గేరు వేసినప్పుడల్లా కరకరమంటుంది. కార్బురేటర్ జోలికి ఆఖరున వెళ్లాలి.

ఇప్పుడు కొలత. మానిఫోల్డులోని పీల్పును కొలిచే వాక్యూమ్ గేజి సామాన్యమైన పరికరమే అయినా, పాత ఇంజిన్ గురించి ఇంత చెప్పే సాధనం మరొకటి లేదని నా అభిప్రాయం. బ్రేకు బూస్టర్ (ఈ పీల్పుతో పెడల్ బలాన్ని పెంచే భాగం) ఉన్న బండిలో, మానిఫోల్డు నుంచి బూస్టర్‌కు పోయే గొట్టం మధ్యలో టీ ముక్క పెట్టి గేజిని తగిలించవచ్చు. బూస్టర్ లేని బండిలో ఇన్‌లెట్ మానిఫోల్డుకు చిన్న ప్లగ్ బోల్టు ఉంటే, దాన్ని విప్పి ఆ మరకు (థ్రెడ్డుకు) సరిపడే నిపుల్ బిగించాలి. డిస్ట్రిబ్యూటర్‌కు పోయే సన్న గొట్టానికి మాత్రం గేజి తగిలించవద్దు. అది చాలా బండ్లలో థ్రాటిల్ పలకకు పైభాగం నుంచి వస్తుంది గనుక ఐడ్లింగ్‌లో సున్నా చూపించడమే దాని సహజ ధర్మం.

ఇంజిన్ బాగా వేడెక్కాక, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు లాగి, ఆరుబయట నిలబెట్టి చూడండి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఉత్తరీయాలూ చున్నీలూ దూరంగా ఉండాలి. ముల్లు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం అంగుళాలు) మధ్య కదలకుండా నిలిస్తే మానిఫోల్డు బిగువుగా ఉన్నట్టే. ఈ అంకెలు సముద్ర మట్టానికి చెందినవి. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు ఒక అంగుళం చొప్పున తగ్గుతుంది. విజయవాడ, గుంటూరు పల్లపు నేలలు గనుక మనకు సవరణ అక్కరలేదు గాని, ఇదే బండి హైదరాబాదులో ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు తక్కువ చూపిస్తే కంగారు పడనవసరం లేదు.

ముల్లు నిలకడగానే ఉండి 12, 14 దగ్గర ఆగిపోతే రెండు కారణాలుంటాయి: టైమింగు (ప్లగ్గులో నిప్పు పడే సమయం) వెనకబడి ఉండడం, లేదా గాలి లీకు. టైమింగును ముందు తేల్చుకోండి. 5 కంటే కిందికి పడిందంటే సాధారణంగా గొట్టం కాదు, కార్బురేటర్ కింది ప్యాకింగో మానిఫోల్డు ప్యాకింగో పెద్దగా తెరుచుకుంది. ముల్లు గడియారంలా క్రమం తప్పకుండా కిందికి తన్ని పైకి వస్తుంటే అది ఒక వాల్వు సరిగా మూసుకోకపోవడం. దాన్ని గొట్టాల్లో వెతికితే దొరకదు.

లీకు ఉందని తేలాక చోటు పట్టుకోవాలి. నోస్ ప్లయరు దవడలకు గుడ్డ చుట్టి, రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటిగా మానిఫోల్డు దగ్గర మెల్లగా నొక్కండి. ఏ గొట్టాన్ని నొక్కినప్పుడు ఇంజిన్ కుదురుకుంటుందో లోపం ఆ గొట్టంలోనో, దాని అవతలి కొసలోనో ఉంటుంది. బూస్టర్ గొట్టం దగ్గర అలా జరిగితే మరో పరీక్ష చేయండి: ఇంజిన్ ఆపి బ్రేకు పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్టు చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే, లేక బ్రేకు తొక్కినప్పుడల్లా ఐడ్లింగ్ మారితే, బూస్టర్ డయాఫ్రమ్‌నో (లోపలి రబ్బరు పొరనో), గాలిని ఒకే వైపు పోనిచ్చే దాని నాన్ రిటర్న్ వాల్వునో అనుమానించాలి. ఇది బ్రేకుకు సంబంధించిన విషయం గనుక రేపటికి వాయిదా వేయకూడదు.

డిస్ట్రిబ్యూటర్‌కు పోయే ఆ సన్న గొట్టాన్ని (అడ్వాన్స్ గొట్టాన్ని) కార్బురేటర్ వైపు ఊడదీసి నోటితో పీల్చి, కొసను నాలుకతో మూయండి. పీల్పు నిలిస్తే డిస్ట్రిబ్యూటర్ డయాఫ్రమ్ బాగున్నట్టు. గాలి వస్తూనే ఉంటే చిరిగినట్టు.

ప్యాకింగుల దగ్గర ఎక్కువ జాగ్రత్త అవసరం. షెడ్లలో కార్బురేటర్ క్లీనర్ చిమ్మి, వేగం మారిన చోట లీకు ఉందని తేల్చడం వాడుక. అంబాసిడర్ ఇంజిన్‌లో ఇన్‌లెట్ మానిఫోల్డు, ఎగ్జాస్ట్ మానిఫోల్డు రెండూ హెడ్డుకు ఒకే వైపున ఉంటాయి కాబట్టి, చిమ్మిన క్లీనర్ కాలుతున్న ఎగ్జాస్ట్ మీదికే జారుతుంది. నేను ఆ పద్ధతిని సూచించను. ఇస్త్రీ బట్టల మీద చల్లే స్ప్రే సీసాలో నీళ్లు పోసి, సన్నని తుంపరగా మాత్రమే ఇన్‌లెట్ అంచుల మీద, థ్రాటిల్ షాఫ్ట్ (పలకను తిప్పే కడ్డీ) రెండు కొసల మీద కొట్టండి. నీరు క్షణకాలం రంధ్రాన్ని మూస్తే ఇంజిన్ శబ్దం మారుతుంది. ధారగా పోస్తే వేడి పోత ఇనుము పగిలే ప్రమాదం ఉంది. డిస్ట్రిబ్యూటర్ మీద చుక్క పడకూడదు. మానిఫోల్డు నట్లు వదులైతే ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మధ్య నుంచి చివరలకు కొంచెం కొంచెంగా బిగించాలి. షాఫ్ట్ దగ్గర లీకు దొరికితే బుష్ (ఆ కడ్డీ తిరిగే గొట్టపు ముక్క) అరిగినట్టు. అది లేతు పని.

కొత్త గొట్టం కోసం ఆటోనగర్‌కు వెళ్లేటప్పుడు పాత ముక్కను చేతపట్టుకు వెళ్లి, వాక్యూమ్ గొట్టమనే అడగండి. నీళ్ల పైపు, చేపల తొట్టి పైపు మన రోహిణి కార్తె ఎండకు బానెట్ కింద మెత్తబడి, పీల్పుకు లోపలికి అతుక్కుపోతాయి. మరొక సంగతి: ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు వల్ల పాత కార్బురేటర్లలో మిశ్రమం ఎలాగూ కొంత పలచనవుతుంది, ఒకప్పుడు తెలియకుండా గడిచిపోయిన చిన్న లీకు ఇప్పుడు వణుకుగా బయటపడవచ్చు.

వచ్చే పాఠానికి ముందు, మీ బండి గేజి అంకెను ఉదయపు చల్లదనంలో ఇంజిన్ వేడెక్కాక ఒకసారి, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో తిరిగి వచ్చాక ఒకసారి రాసిపెట్టుకోండి. ముల్లు 17 దాటి నిలిచినవారు మాత్రమే అయిదవ పాఠంలోని ఎస్‌యూ రకం కార్బురేటర్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) సర్దుబాటుకు రావాలి.